మూలం తెలియదు

నార్త్ షీల్డ్స్‌లో, చేపల రేవు వెనక,
చర్చి హాల్లో గురువారం రాత్రి ఇంగ్లీషు క్లాసు.
హీటర్ కాసేపు దగ్గి ఊరుకుంది.
మిస్ థర్ల్‌వెల్ బోర్డు మీద ఒక్క మాట రాసింది:
కీప్.
చేతికంటిన సుద్ద కోటుకి తుడుచుకుని
"ఇది మీకెక్కడ తగిలింది?" అని అడిగింది,
జేబుదొంగ ఆనవాళ్లు అడిగే పోలీసులా.

పడవ మీద పనిచేసే ఎబో క్వాన్సా లేచాడు.
"పబ్బులో ఒక ముసలాయన చిల్లర ఉంచుకోమన్నాడు.
మంచి మాట అనుకున్నాను.
మర్నాడు కెప్టెన్ నా పాస్‌పోర్టు ఉంచుకున్నాడు.
అదే మాట."

ఇల్జేది చేపలు కోసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
"కీప్ అప్, కీప్ అప్ అని సూపర్‌వైజర్ అరుస్తాడు.
ఏది పైకెత్తమంటున్నాడో తెలీక
తలెత్తాను.
వేలు తెగింది."

రోడెల్ చెయ్యెత్తకుండానే అడిగాడు:
"ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుందా?
జీతమెంత దీనికి?"

ఆమె నవ్వి, ఇంకా ఉన్నాయంది.
తేనెటీగల్ని పెంచడం, డైరీ రాయడం,
ఇచ్చిన మాట నిలుపుకోవడం, నోరు మూసుకోవడం,
కోట నడుమ అందరికన్నా ఆఖర్న లొంగే బురుజు.
"మా నాన్న లైట్‌హౌస్ కీపర్" అంది,
కిటికీ వైపు చూస్తూ, అక్కడేమీ కనిపించకపోయినా.
"ముప్పై ఏళ్లు దీపాన్ని కాశాడు.
తర్వాత మిషను పెట్టారు.
దీపం ఉంది."

వెనక బల్ల దగ్గర టీ కాచేది నేను.
మా వీధిలోకి ఈ మాట ఒంటరిగా వచ్చింది,
ఒక ఆడమనిషిని వేలెత్తి చూపడానికి.
ఫలానా వాడి కీప్, అనేవాళ్లు గొంతు తగ్గించి.
ఉంచుకున్నవాడికి ఇంటిపేరుతో సహా పేరుండేది.
ఆమెకి ఇదే పేరు.
దీనికి తేనెటీగలు తెలుసని, దీపం తెలుసని
అప్పుడెవరూ చెప్పలేదు.

సరే, మన దగ్గరేముందని మూట విప్పి చూసుకున్నాను.
పాలు కాస్తాం. పొలం కాస్తాం.
చలి కాచుకుంటాం.
పగవాడి కోసం మలుపులో కాచుకు కూర్చుంటాం.
కాచు అన్నది కొంత దూరం దీనితో నడిచింది,
పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయింది.

మిస్ థర్ల్‌వెల్ అట్ట ఊడిన నిఘంటువు తెరిచింది.
వెయ్యేళ్ల కిందట దీనర్థం పట్టుకోవడం,
పొంచి చూడడం, కనిపెట్టుకుని ఉండడం.
(పొంచి చూడడం అనగానే గరిటె కింద పెట్టాను.)
అంతకు ముందు?
సముద్రానికి అటువైపు భాషల్లో వెతికారట.
చుట్టమని చెప్పుకునే మాట
ఒక్కటీ తేలలేదట.
అద్దాలు పైకి జరుపుకుని చదివింది:
"మూలం తెలియదు."

"నా కొడుకు కాగితంలో
తండ్రి గడి కూడా అంతే" అంది ఇల్జే.
ఎవరూ జాలిపడలేదు.
ఆమె కూడా అందుకు చెప్పలేదు.
"వాడు క్లాసులో అందరికన్నా పొడుగు" అని
తెగిన వేలితో గాలిలో ఎత్తు చూపించింది.
ఎబో లేచి దాని పక్కన నిలబడి కొలుచుకున్నాడు.

తొమ్మిదికి హాలు తాళం వెయ్యాలి.
కప్పులు కడిగాను. ఒకదానికి చెవి లేదు,
అయినా ఎవరూ పారెయ్యరు.
రోడెల్ కుర్చీ కిందనుంచి
న్యూస్‌పేపర్ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.
రెండు మాకెరెల్ చేపలు, కాగితం తడిసింది.
"టీచర్, ఈ రాత్రే వండుకోండి.
ఇట్ వోంట్ కీప్."

నిలవుండదని చెప్పి,
తనేమన్నాడో తనకే తెలీక
టోపీ కోసం వెతుక్కుంటున్నాడు.
మిస్ థర్ల్‌వెల్ శభాష్ అనబోయి,
మానేసి,
పొట్లం రెండు చేతులా అందుకుంది.